ఉప్పలలంకకు కూతకెవరు?

ఉప్పలలంక,
10 డిసెంబరు 2024.

ఛాయా,

నీ ఉత్తరం అందింది. మోకాళ్ళ నొప్పి తగ్గిందన్నావు, సంతోషం. కొండ మెట్లెక్కొద్దంటే నువ్వు వినవని తెలుసు కాబట్టి ఆ ఊసెత్తను.

ఊళ్ళో పెద్ద కబురు. మన భానుశ్రీకి ఆటల కోటాలో రైల్వే ఉద్యోగం వచ్చింది, సికింద్రాబాద్‌లో. వాళ్ళ నాన్న ఇంటింటికీ మైసూర్‌పాకు పంచాడు. అందరం తిన్నాం, చేతులు కడుక్కున్నాం, అప్పుడు గుర్తొచ్చింది: శ్రీరామనవమి పోటీల్లో మనకి కూతకెవరు వెళ్తారు? నాలుగేళ్ళుగా మన ఆడపిల్లల కబడ్డీ జట్టంటే భానుశ్రీయే కదా. అది అవతలి గీత దాటి ముట్టుకొస్తుంటే మిగతా ఆరుగురూ ఇవతల నిలబడి చప్పట్లు కొట్టడమే.

మర్నాడే కమిటీ కూర్చుంది. జెర్సీలు కుట్టేదాన్ని కదా, నన్నూ అందులో వేశారు. వెంకటప్పయ్య గారు అధ్యక్షులు. ఆయనంటారూ, "రైల్వే వాళ్ళకో అర్జీ పెడదాం. ఏప్రిల్లో వారం రోజులు పిల్లని మా ఊరికి పంపమని." నేనన్నాను, "రైలింజనునే పంపమని రాయండి బాబాయ్, అదైతే ఎవరూ పట్టుకోలేరు." ఆయన వారం నుంచి నాతో మాట్లాడ్డం లేదు.

దుర్గాప్రసాద్ మాస్టారేమో ఉన్న పిల్లల్లోనే ఒకర్ని తయారు చేద్దామంటున్నారు. నాకది నచ్చలేదు. కొండపల్లిలో స్టెల్లా అని ఒకమ్మాయి ఉంది. వాళ్ళ నాన్న థర్మల్ కరెంటు కేంద్రంలో పని. పోయినేడు మచిలీపట్నంలో ఒక్క కూతలో నలుగుర్ని ముట్టుకొచ్చింది. నవమి పోటీల్లో బయటివాళ్ళు ఇద్దరి దాకా ఆడొచ్చు. ఆ పిల్లని తెచ్చుకుంటే సరిపోలా?

నువ్వేమంటావో రాయి. ఫోన్ చెయ్యకు. మా ఇంట్లో ఫోనెప్పుడూ మా పిల్ల అఫ్సానా చేతిలోనే ఉంటుంది. కమిటీ మాటలు జట్టులో పిల్లలకి తెలియకూడదు.

నీ షాజా


గవర్నర్‌పేట, విజయవాడ,
19 డిసెంబరు.

షాజాకి,

ధనుర్మాసం కదా, పొద్దున్నే గుడికెళ్ళి వచ్చి, దద్ధ్యోజనం ప్రసాదం పెట్టుకుని తింటూ రాస్తున్నాను. కాగితానికి పెరుగు మరకలుంటే ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం మా వారికి చదివి వినిపించాను. ఆయన కాగితాల కొట్టు మూసినా కబడ్డీ మాట మూయరు. "ఒకరెందుకు, ఇద్దర్నీ బయటినుంచే తెమ్మను" అన్నారు. కొట్లో గుమస్తా అబ్దుల్ రవూఫ్ గారేమో, "ఏడుగుర్నీ తెచ్చుకుంటే ఇంకా మంచిదమ్మా, మీ ఊరివాళ్ళు హాయిగా కూర్చుని చూడొచ్చు" అన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

నా మనసులో మాట చెప్తాను, కోప్పడకు. పెరటి చెట్టు మందుకు రాదని మనవాళ్ళు ఊరికే అనలేదు. దగ్గరున్నది కంటికి ఆనదు. భానుశ్రీ మటుకు పుట్టగానే కూతకెళ్ళిందా? మొదటి ఏడాది గీత దాటాలంటేనే వణికేది. నువ్వే రాశావు, "ఈ పిల్ల బల్లిని చూసి పారిపోయే రకం" అని. అలాంటి పిల్ల మన ఎదుటే తయారైంది. స్టెల్లా వస్తుంది, ఆడుతుంది, వెళ్ళిపోతుంది. వచ్చే ఏడు మళ్ళీ ఇదే పంచాయితీ.

మా గుడి భజనలో పద్మశాలీల అమ్మాయి ఒకతి ఉంది. గోవిందనామాలు సగం దాకా ఊపిరి తియ్యకుండా చెప్తుంది. దాన్ని చూసినప్పుడల్లా ఈ పిల్ల కూతకి పనికొస్తుంది కదా అనుకుంటాను. దేవుడి ముందు కూర్చుని ఇలాంటి ఆలోచనలు. ఆయన క్షమిస్తాడులే.

కమిటీ తెగకపోతే మన ఊరి పద్ధతి ఉందిగా, రాములవారి ముందు చీటీలు వెయ్యండి. మనుషులం కొట్టుకోవడం దేనికి?

ఛాయ


ఉప్పలలంక,
9 ఫిబ్రవరి 2025.

ఛాయా,

ఆలస్యమైంది. పెళ్ళిళ్ళ బ్లౌజులతో మిషను దిగలేదు.

రెండు నెలలు పిల్లల్ని పరీక్షించారు. పాపం, ఆ ముచ్చట చూసి తీరాలి. సర్పంచి గారి చెల్లెలి కూతురు కూతకెళ్ళి ఇవతలివాళ్ళని ముట్టుకుని అవతలికి పరిగెత్తింది. ఇంకో పిల్ల కూత మధ్యలో ఆగి, "మాస్టారూ, జడ ఊడింది" అంది. వెంకటప్పయ్య గారు కుర్చీలోంచి లేచి, "నేను వెళ్ళనా?" అన్నారు. ఆయనకి డెబ్భై రెండు.

చివరికి మాస్టారు మూడు పేర్లు తేల్చారు. స్టెల్లా, సర్పంచి గారి మేనకోడలు, ఇంకో పిల్ల. కమిటీలో తెగలేదు. నువ్వన్నట్టే నిన్న భీష్మ ఏకాదశి నాడు రామాలయంలో చీటీలు వేశారు. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని చీటీలు నన్నే రాయమన్నారు. అరుగు మీద కూర్చుని రాసి, మడిచి, పూజారి గారికిచ్చాను. ఆయన స్వామి పాదాల దగ్గర పెట్టి, నాలుగేళ్ళ మనవరాలి చేత ఒకటి తీయించారు. స్టెల్లా పేరే వచ్చింది.

నీ రాముడు నా మాటే విన్నాడు చూశావా! కొండపల్లికి కబురు వెళ్ళింది. ఇక దిగుల్లేదు.

మా ఇంట్లో అందరూ బాగున్నారు. అఫ్సానా ఇంటర్ పరీక్షలకి చదువుతోంది. చదువుతోందనే అనుకుంటున్నాను.

షాజా


గవర్నర్‌పేట,
20 ఫిబ్రవరి.

షాజాకి,

మొన్న ఆదివారం కొండపల్లి వెళ్ళాం. ఆడపడుచు మనవడికి బొమ్మల ఎడ్లబండి కొనాలని మా వారితో చెప్పాను. అసలు సంగతి నీకు చెప్పొచ్చు, స్టెల్లాని చూడాలనిపించింది.

థర్మల్ కాలనీ మైదానంలో సాధన చేస్తోంది. ఎంత బాగుందనుకున్నావ్! వంగి గీత దాటిందంటే నీళ్ళలో చేప కదిలినట్టే. నేను ఉప్పలలంక ఆడపడుచునని చెప్పగానే వచ్చి "నమస్తే ఆంటీ" అంది. బంగారంలాంటి పిల్ల. తనకివ్వడానికి నా సంచీలో అరటిపళ్ళే ఉన్నాయి, అవి చేతిలో పెట్టాను. తింటూ ఒక మాటంది.

"ఆంటీ, మీ ఊళ్ళో అఫ్సానా ఉంది కదా. మూలన నిలబడి కాలు పట్టే అమ్మాయి. మచిలీపట్నంలో మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు ఇద్దరం సరదాకి ఆడాం. నా మీదికి ఐదుసార్లు కూతకొచ్చింది, మూడుసార్లు ముట్టుకుపోయింది. ఆ పిల్లని పెట్టుకుని నన్నెందుకు పిలిచారండీ?"

"మాకు ఇద్దరూ కావాలమ్మా" అని తప్పించుకున్నాను.

షాజా, పోయిన ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. "ఇంకో పిల్ల" అని రాశావు. పేర్లు పొల్లుపోకుండా రాసేదానివి, ఆ పేరు ఎందుకు రాయలేదు? ఆ పిల్ల అఫ్సానాయేనా?

అడగకూడనిదైతే జవాబివ్వకు. లలితా పారాయణ అయ్యాక రోజూ ఇదే ఆలోచన, అందుకని అడిగాను.

ఛాయ


ఉప్పలలంక,
4 మార్చి.

ఛాయా,

ఇవాళ రంజాన్‌లో మూడో రోజా. ఉపవాసంలో అబద్ధమాడకూడదు. అందుకే రాస్తున్నాను, లేకపోతే రాసేదాన్ని కాదు.

అవును, అఫ్సానాయే. మాస్టారు మొదట చెప్పిన పేరు అదే. మిగతా రెండూ తర్వాత చేర్చినవి. "రోజాలుండే పిల్ల, ఊపిరి ఆనదు మాస్టారూ" అని అడ్డం కొట్టాను. ఆయన వినలేదు. అందుకే చీటీల దగ్గర అది చేశాను. మూడు చీటీల మీదా స్టెల్లా పేరే రాశాను.

తీయని చీటీలు విప్పకూడదు, కాలవలో వదిలెయ్యాలని మన ఊరి ఆచారం ఉందిగా. ఆ పని కూడా నాకే అప్పగించారు. తీసుకెళ్ళి వదిలేశాను. ఎవరికీ తెలియదు. నాకూ, పైనున్నవాడికీ, ఇప్పుడు నీకూ.

ఎందుకు చేశావంటావు. నువ్వు ఊరొదిలి ముప్పై ఏళ్ళైంది, మర్చిపోయుంటావు. పదో తరగతిలో అవనిగడ్డ పోటీల్లో ఆఖరి కూతకి నేను వెళ్ళాను. పట్టుబడ్డాను. ఒక్క పాయింటుతో పోయాం. ఆ రోజునుంచి నా పేరు "ఒక్క పాయింటు". కిరాణా కొట్టుకెళ్తే, "ఒక్క పాయింటుకి కిలో కందిపప్పు కట్టరా." నిఖా రోజున మగపెళ్ళివారు నాలుగు మైళ్ళ దూరంలో దారడిగితే, "ఒక్క పాయింటు ఇల్లా? కాలవ దాటి కుడివైపు." మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. ఏం చెయ్యను?

గెలిస్తే జట్టు గెలిచిందంటారు. ఓడితే కూతకెళ్ళినదాని పేరే చెప్తారు. ఆ పేరు నా పిల్లకొద్దు. ఇదీ సంగతి. తప్పైతే తిట్టు.

షాజా


గవర్నర్‌పేట,
8 మార్చి.

షాజా,

నాలుగు రోజులు నీ ఉత్తరం దేవుడి గూట్లో పెట్టాను. తిట్టడానికి నాకు నోరు లేదు. ఎందుకో చెప్తాను.

అవనిగడ్డ నుంచి తిరిగొచ్చిన సాయంత్రం బస్సులో నువ్వు కిటికీ వైపు తిరిగి ఏడుస్తున్నావు. అందరూ బిగుసుకుని కూర్చున్నారు. నిన్ను నవ్విద్దామని, "పోనీలేవే, ఒక్క పాయింటేగా. ఇవాళ్టినుంచి నిన్ను ఒక్క పాయింటు అని పిలుస్తాం" అన్నది నేను. అందరూ నవ్వారు. నువ్వూ కళ్ళు తుడుచుకుని నవ్వావు. మంచి పని చేశాననుకున్నాను. ఆ పేరు బస్సు దిగి ఊళ్ళోకి నడిచిందని నాకు తెలియదు. కందిపప్పు దాకా, నిఖా దాకా వచ్చిందని ఇవాళ తెలిసింది. ఇన్ని ఉత్తరాల్లో ఒక్కసారీ చెప్పలేదే!

నన్ను క్షమించు.

చీటీల సంగతి. రాములవారికి నువ్వు చేసింది కొత్తేం కాదు, ఆయన ఇంతకన్నా పెద్దవే చూసి ఉంటాడు. ఆయన ఏమీ అనుకోడు. కానీ అఫ్సానా తన పేరు చీటీలో ఉందనీ, దేవుడే తీయలేదనీ నమ్ముతోంది. పదిహేడేళ్ళ పిల్ల, నాకు రాసిపెట్టి లేదు అనుకుంటే ఆ మాట లోపల గట్టిపడిపోతుంది. అది మంచిది కాదు షాజా. నీ భయం నీది, దాన్ని ఆ పిల్ల మీద వెయ్యకు.

ముందు దానికి చెప్పు. తర్వాత కమిటీకి చెప్పు. నవమికి ఇంకా నాలుగు వారాలుంది.

నీ ఛాయ


ఉప్పలలంక,
20 మార్చి.

ఛాయా,

ముందు నీ సంగతి. ఆ పేరు పెట్టింది నువ్వేనని నాకెప్పుడూ తెలుసు. పక్క సీట్లో కూర్చున్నదాన్ని, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? కోపం నీ మీద కాదు. ఆ రోజు ఆ బస్సులో నాతో మాట్లాడింది నువ్వొక్కదానివే. మిగతావాళ్ళంతా ఊరొచ్చేదాకా కిటికీలు లెక్కపెట్టారు. కాబట్టి ఉత్తరాన్ని దేవుడి గూట్లోంచి తీసెయ్యి. అగరొత్తులకి మసిబారుతుంది.

అఫ్సానాకి చెప్పాను. ఇఫ్తార్‌కి ఖర్జూరం నోట్లో పెట్టుకుంది. నేను చెప్పింది విని నమలడం ఆపేసింది.

"మూడింటి మీదా స్టెల్లా అక్క పేరేనా?"

"మూడింటి మీదా."

"అమ్మీ, కాస్త తెలివుంటే ఒక దాని మీదైనా సర్పంచి గారి మేనకోడలి పేరు రాసేదానివి. ఎవరైనా విప్పితే?"

నేను ఏడుద్దామని కూర్చుంటే అది నాకు దొంగతనం నేర్పుతోంది! తర్వాత లోపలికెళ్ళి తలుపేసుకుంది. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు తెల్లవారుజామున సెహరీ తిన్నాక బూట్లు కట్టుకుంటూ, "నేను ఓడిపోతాననేగా రాయలేదు?" అంది. కాదు, ఓడిపోతే ఏమంటారోనని, అన్నాను. "రెండూ ఒకటే అమ్మీ" అని వెళ్ళిపోయింది. ఛాయా, నాలుగు నెలల్లో నేను చేసిన వాదనలన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి.

శుక్రవారం కమిటీలో చెప్పేశాను. రామాలయం మెట్ల మీద, అందరి ముందూ. వెంకటప్పయ్య గారు లేచి, "షహజాదమ్మా, మా తాతల కాలంనుంచి ఈ ఊళ్ళో చీటీలు వేస్తున్నారు. తీయని చీటీలు కాలవలో ఎందుకు వెయ్యమన్నారో నాకివాళ అర్థమైంది. ఇంకా ఎంతమంది రాశారో ఇలాంటివి!" అన్నారు. పూజారి గారితో సహా అందరూ నవ్వారు. నవ్వాక ఆయన ముఖం గంభీరంగా పెట్టి, "తప్పు తప్పే" అని, నవమి నాడు పానకం కలపడం నాకు శిక్ష వేశారు. నాలుగు గంగాళాలు.

దుర్గాప్రసాద్ మాస్టారు ఊరుకోలేదు. స్టెల్లాని పిలిపించి అందరూ చూస్తుండగా పరీక్ష పెట్టారు. అవతల పట్టుకునేవాళ్ళలో స్టెల్లా, కూతకి అఫ్సానా. ఏడుసార్లు వెళ్ళింది. ఐదుసార్లు దొరికిపోయింది. స్టెల్లా మట్టి దులుపుకుంటూ, "నిరుడు నాకు తెలియక మూడుసార్లు పోయింది. ఈసారి కాచుక్కూర్చున్నా రెండుసార్లు తప్పించుకుంది. కాలు ముందుగా లాక్కోవడం నేర్పితే నాకంటే బాగా వెళ్తుంది సార్. నేర్పుతాను" అంది.

అలా తేలింది. మొదటి సగం స్టెల్లా, రెండో సగం అఫ్సానా. స్టెల్లా శనివారం వచ్చి ఆదివారం దాకా మా ఇంట్లోనే ఉంటోంది. దానికి మా ఇఫ్తార్ హలీమ్ తెగ నచ్చింది. ఆదివారం పొద్దున మా పక్కింటి అమలమ్మ గారితో చర్చికెళ్ళి, మధ్యాహ్నం మా పిల్లని మట్టిలో దొర్లిస్తుంది.

నువ్వు నవమికి రావాలి.

షాజా


ఉప్పలలంక,
8 ఏప్రిల్.

ఛాయా,

మీ వీధి గుళ్ళో సీతారాముల కల్యాణానికి పీటల మీద కూర్చోవాల్సి వచ్చిందన్నావు. దంపతుల అదృష్టం, ఏమనను? నువ్వు చూడలేదు కాబట్టి ఏదీ వదలకుండా రాస్తాను.

పొద్దున ఐదింటికే పానకం మొదలుపెట్టాను. బెల్లం దంచి దంచి చేతులు పోయాయి. మిరియాలు కాస్త ఎక్కువయ్యాయి. పూజారి గారు తాగి రెండు నిమిషాలు కళ్ళు మూసుకున్నారు, భక్తేననుకుంటా.

మొదటి రెండు ఆటలూ గెలిచాం. సెమీఫైనల్ చల్లపల్లితో. మొదటి సగం అయ్యేసరికి స్టెల్లా మనల్ని రెండు పాయింట్లు ముందుంచింది. రెండో సగం మొదట్లో అఫ్సానా మూడుసార్లు వెళ్ళి నలుగుర్ని ముట్టుకొచ్చింది, ఆ తర్వాత ఇంకో ఏడుగుర్ని. పందిరంతా ఈలలు. నేను మాత్రం గంగాళం వెనక నిలబడి గరిటె పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. మా ఆయన వచ్చి, "చూడకుండా ఏం వడ్డిస్తున్నావ్? చేతుల మీద పోస్తున్నావ్ అందరికీ" అన్నాడు.

అప్పుడు చల్లపల్లివాళ్ళు కనిపెట్టారు. అఫ్సానా ఎప్పుడూ ఎడమవైపే తిరుగుతుందని. రెండుసార్లు వరసగా పట్టేశారు. స్టెల్లా కూడా అవుటై బయట కూర్చుంది. ఆఖరి నిమిషం, రెండు పాయింట్లు వెనకున్నాం. కూత మా పిల్లది.

ఛాయా, ఆ కూత నేను కళ్ళు తెరిచే చూశాను. గీత దాటింది. ఎడమకి వెళ్ళినట్టు వెళ్ళి కుడికి తిరిగింది. ఒకమ్మాయి భుజం తగిలింది కూడా. అంతలో ఇద్దరు నడుం పట్టుకున్నారు. గీత ఇంకా జానెడుంది. చెయ్యి చాపింది, అందలేదు. ఈల వేశారు. మూడు పాయింట్లతో పోయాం.

నేను ముప్పై అయిదేళ్ళుగా భయపడ్డ మాట రావడానికి నిమిషం పట్టలేదు. పానకం దగ్గర నిలబడ్డ ఒకాయన గట్టిగా, "షహజాది కూతురు వల్లే పోయిందండీ! ఆ స్టెల్లానే ఉంచుంటే!" అన్నాడు. అఫ్సానా అప్పుడే మట్టి దులుపుకుంటూ వస్తోంది, విన్నది. ఏడుస్తుందనుకున్నాను. ఆయన దగ్గరికెళ్ళి చెయ్యి చాపి గ్లాసు తీసుకుని గటగటా తాగింది.

"అవునండి తాతయ్యగారూ, నా వల్లే పోయింది. మనకొచ్చిన ఇరవై ఎనిమిదిలో పదకొండు కూడా నా వల్లే వచ్చాయి. అవెవరూ చెప్పరేం?"

పక్కన వెంకటప్పయ్య గారు పకపకా నవ్వి, "చెప్పవయ్యా, లెక్క సరిగ్గా చెప్పు!" అని ఆయన వీపు మీద చరిచారు. నేను తెచ్చుకున్న ఏడుపు ఎటో పోయింది. అంతేనా ఛాయా? ఇంతేనా అది? ఇన్నేళ్ళూ నేను మోసింది, ఆ పిల్ల ఒక గ్లాసు పానకంతో దింపేసింది.

స్టెల్లా వెళ్ళేముందు దాన్ని కావలించుకుని, "నిరుడు నేనూ ఇలాగే దొరికిపోయాను, ఇప్పుడు చూడు" అంది. కొండపల్లి బస్సెక్కించాం.

ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాం. అఫ్సానా మోచేతులకి పసుపు రాసుకుని పలావు తింటోంది.

"వచ్చే ఏడు స్టెల్లా అక్కకి ఉద్యోగం వచ్చేస్తుంది. మళ్ళీ కమిటీ కూర్చుంటుంది. నువ్వేమంటావు అమ్మీ?"

"కూతకి మా అమ్మాయే వెళ్తుందంటాను. లేచి నిలబడి, అందరికీ వినబడేలా అంటాను."

ఆ మాట నా నోట రావడానికి ఎంత కాలం పట్టిందో నీకు తెలుసు. మా ఆయన తినడం ఆపి నావైపు చూశాడు. అఫ్సానా తలెత్తలేదు.

"సరే. ఇంకొంచెం పెరుగు పచ్చడి వెయ్యి" అంది.

నీ షాజా